అయిదు గజాల ఎరుపు

ఆదివారం పొద్దున కెనడాలోని స్కార్‌బరోలో వ్యాను తీసేటప్పటికి అనంత్ చేతిలో ఉన్న సరుకు ఇది: అయిదు గజాల ఎర్ర బట్ట, నోటరీ ముద్ర పడిన ఉత్తరం నకళ్లు మూడు, డబ్బాలో ఎనిమిది సున్నుండలు, అయిదేళ్ల పిల్లకు సరిపోతుందన్న అంచనా మీద కొన్న గులాబీ రంగు కోటు, నాలుగు గంటల సమయం. అన్నిట్లోకీ ఖరీదైనది ఆ నాలుగు గంటలే. పదిన్నరకు మొదలై రెండున్నరకు అయిపోతాయి. కోటు సరిపోకపోతే మార్చుకోవచ్చు. గంటలకు మార్పిడి లేదు.

ఆ నాలుగు గంటల్లో అతను చేయవలసిన పని ఒకటే. కూతుర్ని ఒక్కసారి ఎత్తుకోవాలి. సాత్వికను ఎత్తుకుని మూడున్నరేళ్లయింది. గురువారం ఆ పిల్ల వాళ్లమ్మతో కలిసి హైదరాబాద్ విమానం ఎక్కేస్తుంది. ఈ ఆదివారం దాటితే మళ్లీ ఎప్పుడన్న దానికి ఎవరి దగ్గరా లెక్క లేదు.

అనంత్‌ది చీరాల. బట్టల బజారులో గల్లాపెట్టె పక్కన పాకుతూ పెరిగినవాడు. పెళ్లయ్యాక మధుమిత ఉద్యోగం అమెరికాలో, రోచెస్టర్‌లో కుదిరింది. భార్య వెంట వెళ్లినవాడికి అక్కడ పనిచేసే హక్కు లేదు. పుట్టినప్పటినుంచీ బేరాల మధ్య బతికినవాడు రెండేళ్లు సోఫాలో కూర్చున్నాడు. పాప పుట్టింది. పాపకు ఏడాదిన్నర నిండేసరికి అతను ఒక లెక్క వేశాడు. అమెరికా గ్రీన్‌కార్డు వరుస చూస్తే మనవలు పుట్టినా తెమిలేలా లేదు. కెనడాలో పాయింట్లు తెచ్చుకుంటే రెండు మూడేళ్లలో పిఆర్, అంటే శాశ్వత నివాసం, వస్తుంది. మధుమిత అక్కడే ఉద్యోగం చేసుకుంటుంది, తను ఇక్కడికొచ్చి ఏడాది కోర్సు చదివి పనిలో చేరతాడు. ఏది ముందు పండితే అటు అందరూ చేరిపోవచ్చు.

"రెండు పడవల మీద కాళ్లు పెడుతున్నావేమో చూసుకో," అంది మధుమిత ఆ రోజు.

"రెండు కాళ్లున్నవాడికి ఆ సామెత. మనకి నాలుగున్నాయి. మనిషికో పడవ," అన్నాడు అనంత్. ఆ మాట అన్నందుకు ఆ రోజు తన తెలివికి తనే మురిసిపోయాడు.

పడవలు రెండూ కదిలాయి. కానీ మధ్యలో ఏరు ఉందన్న సంగతి లెక్కలో వెయ్యలేదు. వచ్చిన ఏడాదే అతని అమెరికా వీసా స్టాంపు గడువు తీరింది. విజిటర్ వీసాకు పెడితే రెండుసార్లు తిప్పికొట్టారు. మధుమిత కెనడా వీసాకు పెడితే ఒకసారి తిప్పికొట్టారు. ఇతని పాయింట్లు పెరిగినప్పుడల్లా పిఆర్ కటాఫ్ ఇంకాస్త పెరిగేది, ఎండమావిలాగా చేతికందకుండా. మొన్న మార్చిలో మధుమితను ఉద్యోగంలోంచి తీసేశారు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే దేశం వదలాలి. ఇవాళ్టికి యాభై ఆరు. అనంత్ వర్క్ పర్మిట్ జనవరిలోనే అయిపోయింది. పొడిగింపుకు అప్లై చేశాడు కాబట్టి జవాబు వచ్చేదాకా పని చేసుకోవచ్చు. దేశం దాటి అడుగు బయటపెడితే మాత్రం ఆ హక్కు అక్కడితో సరి.

సాత్విక ఒక్కతే ఎటైనా వెళ్లగలదు. అమెరికాలో పుట్టింది. ఇంట్లో ముగ్గురుంటే రెండు ఒడ్డులూ తొక్కే పాస్‌పోర్టు ఉన్నది ఆ పసిదానికే.

మరి మూడున్నరేళ్లలో ఒక్కసారైనా తెప్పించుకోలేదా అంటే, ఇక్కడే ఉంది అనంత్ చేసిన అసలు తప్పు. ఎవరితోనో పంపిస్తే బోర్డర్‌లో ఏవో అడుగుతారు, అడిగితే ఇద్దరి ఫైళ్లూ తిరగేస్తారు, ఎందుకొచ్చిన గొడవ, పిఆర్ వచ్చాక చూద్దాం అన్నాడు. పిఆర్ వచ్చాక పుట్టినరోజు చేద్దాం, పిఆర్ వచ్చాక ఇల్లు చూద్దాం, పిఆర్ వచ్చాక పాపను తెచ్చుకుందాం. మంచి ధర వచ్చేదాకా సరుకు తియ్యకూడదని చిన్నప్పుడు నేర్చుకున్నాడు. కానీ పట్టుచీరను ఒకే మడత మీద ఏళ్ల తరబడి బీరువాలో ఉంచితే, ఎవరూ కట్టకుండానే, మడత దగ్గరే చిరుగుతుందని కూడా ఆ దుకాణంలోనే నేర్చుకున్నాడు. రెండో పాఠం సమయానికి గుర్తు రాలేదు.

ఈ మూడున్నరేళ్లలో వాళ్లు కలిసింది నాలుగుసార్లు. కలవడం అంటే నయాగరా దగ్గర, ఈ గట్టున అతను, ఆ గట్టున వాళ్లు. మధ్యలో లోయ, అడుగున నది. మనిషి మనిషిలా కనిపించడు, బియ్యపు గింజలా కనిపిస్తాడు. మొదటిసారి గంటసేపు ఎవరు ఎవరో తెలియక అవస్థపడ్డారు. రెండోసారి అనంత్ వ్యానులో ఉన్న ఎర్ర తానులోంచి అయిదు గజాలు కోసి తెచ్చాడు. ఎడమకు మూడుసార్లు, కుడికి రెండుసార్లు ఊపితే అది నాన్న. అటునుంచి మధుమిత పసుపు గొడుగు తెరిచి మూస్తే అది అమ్మ. ఆ గొడుగు పక్కన ఎగిరే చుక్క సాత్విక.

* * *

"ఏవయ్యా అనంతూ, అంత నెమ్మదిగా పోనిస్తే మీ అమ్మాయి పెళ్లికి అందుకుంటాం," అన్నారు సుధామయి గారు పక్క సీట్లోంచి.

ఆవిడది కాకినాడ. ముప్ఫై ఏళ్ల కిందట వచ్చారు, ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యారు, చేతిలో కెనడా పాస్‌పోర్టు ఉంది. అనంత్ నడిపే చీరల షాపుకు పదేళ్ల నాటి గిరాకీ. షాపు వేరే ఆయనది, నడిపేది అనంత్. మొన్న శుక్రవారం జాకెట్టు ముక్కకోసం వచ్చి, అతని మొహం చూసి, విషయమంతా లాగి, "దానికి అంత ఏడుపెందుకు? నేను నడిచి వెళ్లి తీసుకొస్తాను. బ్రిడ్జి మీద పావుగంట నడక," అన్నారు.

"స్పీడ్ టికెట్ పడితే ఇంకా లేటండీ," అన్నాడు అనంత్.

"పిల్లని నాతో పంపడానికి రాసిన ఉత్తరంలో అన్నీ ఉన్నాయా? మీ ఆవిడ సంతకం, నీ ఫోను నంబరు?"

"ఉన్నాయండీ. మూడు కాపీలు తీయించాను."

"నీ ఫోను పనిచేస్తుందా మరి? మొన్న నువ్వే అన్నావు, ఆ రెయిలింగ్ దగ్గర అమెరికా టవర్ పట్టేసుకుంటుందని."

"గట్టు మీదకొస్తే పనిచేస్తుందండీ. కిందకి దిగితేనే పోద్ది."

"రోమింగ్ పెట్టించుకోవయ్యా బాబూ."

"ఏడాదికో గంట కోసం ఎందుకులెండి."

ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వారు. "తిరుపతిలో మహాలఘు దర్శనమైనా గర్భగుడి ఎదురుగా చేయిస్తారు. నువ్వు నీ పెళ్లాం పిల్లల్ని అరమైలు అవతల్నించి చూస్తూ, అందులోనూ పొదుపు!"

అనంత్ కూడా నవ్వాడు. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగింది.

ఏప్రిల్ చివర. నయాగరా పార్కులో గడ్డి ఇంకా పూర్తిగా పచ్చబడలేదు. నది మీద అక్కడక్కడా మంచుపలకలు తేలి వస్తున్నాయి. జలపాతం తుంపర గాలికి కొట్టుకొచ్చి మొహాల మీద పడుతోంది. వచ్చినవాళ్లంతా ఫోటోలు తీసుకుంటున్నారు. అనంత్ వ్యాను ఆపి గడ్డిగట్టు మీదనుంచే మధుమితకు ఫోను చేశాడు.

"వచ్చేశాం. పసుపు గొడుగు దగ్గరే ఉన్నాం," అంది ఆమె. "అనంత్, నా ఫ్రెండు స్వప్న కారు అయిదింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. దాని డ్యూటీ ఉంది. రెండున్నరకు పాప నా దగ్గరుండాలి."

"ఉంటుంది. రెండుంబావుకే బ్రిడ్జి ఎక్కిస్తా."

నీటి హోరు ఫోనులోంచీ వినిపించింది, ఎదురుగానూ వినిపించింది.

"బ్రిడ్జి మధ్యలో గీత ఉంటుందంట కదా," అంది ఆమె. "రెండు దేశాలకీ నడిమధ్య. నేను ఇటునుంచి వస్తా, నువ్వు అటునుంచి రా. గీతకి ఇటూ అటూ నుంచుందాం. అయిదు నిమిషాలు."

"గీత దాకా పోయినా పోయినట్టేనంట మధూ. గేటు దాటితే తిరిగి లోపలికి రావడానికి మళ్లీ అడగాలి. అడిగితే..."

"తెలుసులే. ఊరికే అన్నాను. పోనీ అన్నీ వదిలేసి మాతో వచ్చెయ్యకూడదూ?"

"వస్తే ఈ మూడున్నరేళ్లకి అర్థమేముంది?"

"రాకపోతే ఏముంది?"

"సుధామయి గారు బయల్దేరుతున్నారు," అన్నాడు.

* * *

సుధామయి గారు హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, గేటు దగ్గర నాణెం వేసి, బ్రిడ్జి మీదకు నడిచారు. అనంత్ రెయిలింగ్ దగ్గరికి దిగి ఎర్ర బట్ట విప్పాడు. ఎడమకు మూడు, కుడికి రెండు. అవతలి గట్టున పసుపు గొడుగు మూసుకుని తెరుచుకుంది. పక్కన చుక్క ఎగిరింది.

మాట్లాడాలంటే గట్టు మీద ఉండాలి, కనబడాలంటే కింద ఉండాలి. రెండూ ఒకసారి కుదరవు. నాలుగుసార్లూ ఇదే ఇబ్బంది. ఇవాళ అతను కనబడడమే ఎంచుకున్నాడు. పిల్ల బ్రిడ్జి మీద నడిచి వచ్చేంతసేపూ పక్కకు చూస్తే నాన్న ఊపుతూ కనిపించాలి, భయపడకూడదు. అందుకని చేతులు లాగేస్తున్నా ఆపకుండా ఊపాడు.

పదకొండుంబావుకు బ్రిడ్జి మీద ఒక పెద్ద చుక్క, ఒక చిన్న చుక్క కనిపించాయి. మధ్యలో చిన్న చుక్క ఆగిపోయి ఇటు తిరిగి గెంతింది. అనంత్ బట్ట ఇంకా పైకెత్తి ఊపాడు. పదకొండున్నరకు ఆ రెండు చుక్కలూ ఈవైపు ఇమిగ్రేషన్ బిల్డింగులోకి వెళ్లాయి.

పన్నెండు కావస్తున్నా బయటికి రాలేదు.

లోపల వరుస ఉందేమో అనుకున్నాడు. ఆదివారం కదా. ఇంకో పది నిమిషాలు ఊపాడు. అవతల పసుపు గొడుగు కదలకుండా నిలబడింది. పన్నెండుంబావుకు టైము చూద్దామని జేబులోంచి ఫోను తీశాడు. తెర మీద అమెరికాకు స్వాగతం అన్న మెసేజి ఉంది. కింద, సర్వీస్ లేదు అని ఉంది.

ఉత్తరంలో నంబరు ఇదే. తన చేత్తోనే రాశాడు. మూడు కాపీలు తీయించాడు.

అనంత్ గట్టు మీదకు పరుగెత్తాడు. తడిగడ్డిలో రెండుసార్లు జారాడు. పైకి చేరి ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుంటే, అరనిమిషానికి కెనడా టవర్ తగులుకుంది. నాలుగు మిస్డ్ కాల్స్. నంబరు లేని కాల్స్, తిరిగి చేయడానికి వీల్లేనివి. సుధామయి గారికి చేశాడు, స్విచ్ ఆఫ్. లోపల ఆపించి ఉంటారు. బిల్డింగు దాకా పరుగెత్తాడు. బయట నిలబడ్డ అతను చెయ్యి అడ్డం పెట్టి, ఇటునుంచి ఎవరూ లోపలికి పోకూడదన్నాడు.

"నా కూతురు లోపలుంది. నాకే ఫోను చేస్తున్నారు. నా ఫోను..."

"సార్, వెనక్కి వెళ్లి వెయిట్ చెయ్యండి."

వెళ్లాడు. వ్యాను పక్కన నిలబడి ఫోను రెండు చేతుల్లో పట్టుకున్నాడు. రోమింగ్ పెట్టించి ఉంటే అన్న మాట రాబోతే ఆపుకున్నాడు. జరిగిన బేరానికి చింత పెట్టుకోకూడదని వాళ్ల నాన్న అనేవాడు. ఆయనకు అలాంటి బేరం ఒక్కటీ జరిగి ఉండదు. నాలుగు గంటల్లో రెండు అప్పటికే నీళ్లపాలయ్యాయి. ఇంకోసారి చెయ్యరేమో. పిల్లను అటునుంచి అటే వెనక్కి పంపించేశారేమో. కిందకు దిగితే పసుపు గొడుగు పక్కన చుక్క ఉందో లేదో తెలుస్తుంది. దిగితే ఫోను పోతుంది. ఉన్నచోటే నిలబడ్డాడు, కాలు కాలిన పిల్లిలా నాలుగడుగుల మేర తిరుగుతూ.

పన్నెండూ ముప్ఫై అయిదుకు మోగింది.

ఆఫీసరు ఆడమనిషి. పిల్ల పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఎన్నింటికి తిరిగి పంపిస్తారు, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాడు.

"మీ నాన్న ఎలా ఉంటాడని అడిగితే ఎర్రగా ఉంటాడంటోంది. మీరు ఎర్ర బట్టలు వేసుకున్నారా?"

"లేదు మేడమ్. నా చేతిలో ఎర్ర గుడ్డ ఉంది."

కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత అతను భయపడుతున్న ప్రశ్న వచ్చింది. "కెనడాలో మీ స్టేటస్?"

చెప్పాడు. పర్మిట్ అయిపోయిన తేదీ, పొడిగింపుకు పెట్టిన తేదీ, ఫైలు నంబరు. అది కూతురి పుట్టినతేదీకన్నా బాగా నోటికి వచ్చు. మళ్లీ కీబోర్డు.

"మీరే వంతెన దాటి వెళ్లి చూసి రావచ్చు కదా?"

"వెళ్తే తిరిగి రాలేను మేడమ్."

అటువైపు ముద్ర కొట్టిన చప్పుడు. "సరే. పంపిస్తున్నాను."

* * *

పన్నెండూ యాభైకి సుధామయి గారు గట్టు వెంట నడిచి వచ్చారు, ఒక చేత్తో బ్యాగు, ఒక చేత్తో సాత్విక. నీలం కోటు, రెండు జడలు. ఫోనులో రోజూ చూసే మొహమే, కానీ ఫోనులో కాళ్లు కనిపించవు. కాళ్లు ఇంత పొడుగయ్యాయని అనంత్‌కు తెలియదు.

"ఇదిగోనమ్మా మీ నాన్న," అన్నారు సుధామయి గారు.

సాత్విక తల పైకెత్తి చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ వెనక్కి జరిగి, ఆవిడ కోటు పట్టుకుని, మొహం దాచుకుంది.

"నాన్నా, సాతూ, రామ్మా," అన్నాడు అనంత్ ముందుకు వంగి.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. "నో! ఐ వాంట్ అమ్మ!"

అనంత్ వ్యానులో ఉన్న సరుకంతా బయటపెట్టాడు. సున్నుండలు పెట్టాడు, మొహం తిప్పుకుంది. గులాబీ కోటు చూపించాడు, చెయ్యి విదిలించింది. పాట పాడబోయాడు, చెవులు మూసుకుంది. గడప దగ్గరే తటపటాయించే గిరాకీ మీద తానులన్నీ కుప్పపోస్తే బెదిరి వెళ్లిపోతుందని తనకు తెలుసు. తెలిసీ పోస్తూనే ఉన్నాడు. గడియారం ఒంటిగంట దాటింది, ఒంటిగంటా పది అయింది.

"ఎత్తేసుకోవయ్యా," అన్నారు సుధామయి గారు. "ఏడిస్తే ఏడుస్తుంది. నీ పిల్లేగా."

"వద్దండీ. బలవంతాన ఎత్తుకుంటే, రేపు నన్ను తలచుకుంటే అదే గుర్తొస్తుంది."

"పోనీ తీసుకెళ్లిపోనా? పసిది, ఎక్కెక్కి ఏడుస్తోంది."

అనంత్ వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. అతని లోపల ఏదో అంగడి మూసేసిన చప్పుడు. మూడున్నరేళ్లు దాచిన సరుకు, మడత విప్పేసరికి ఇలా ఉంది.

సుధామయి గారు తన ఫోను తీసి మధుమితకు కలిపి పిల్ల చెవి దగ్గర పెట్టారు. ఆవిడ ఫోనుకు రెండు దేశాలూ ఒకటే.

"అమ్మా," అంది సాత్విక వెక్కుతూ. "నాన్న ఈజ్ నాట్ హియర్."

"అక్కడే ఉన్నాడు బంగారూ. నీ ముందే."

"నో. హి ఈజ్ టూ బిగ్." ముక్కు చీది, తల్లికి తెలియని సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా అంది. "నాన్న ఈజ్ స్మాల్."

సుధామయి గారు నవ్వబోయి, అనంత్ మొహం చూసి మానుకున్నారు.

అనంత్ మాత్రం ఆ మాటను నాణెం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజమే. ఫోనులో నాన్న అరచేతిలో పడతాడు. అవతలి గట్టున నాన్న వేలెడంత. ఆ పిల్ల జీవితంలో నాన్న ఎన్నడూ అంతకు మించి పెరగలేదు. ఈ ఆరడుగుల మనిషి ఎవరో ఎలా తెలుస్తుంది?

లేచాడు. వ్యాను అద్దానికి వేలాడుతున్న ఎర్ర బట్ట తీసుకున్నాడు.

"ఎక్కడికయ్యా?" అన్నారు సుధామయి గారు.

"దూరం పోతానండీ. మీరు దాన్ని ఇక్కడే నిలబెట్టండి."

ఇన్ని గంటలూ కూతురికి దగ్గర కావాలని కొట్టుకున్నవాడు, వీపు తిప్పి, గడ్డి మీద పార్కు ఆ చివరికి నడిచాడు. నడుస్తుంటే ఒక్కో అడుగూ మిగిలిన సమయంలోంచి పోతోందని తెలుసు. వెనక్కి చూడలేదు. ఇంకొక్కసారి ఏడుపు వినిపిస్తే తిరిగి వెళ్లిపోయేవాడే. పెద్ద చెట్టు దాటి, బెంచీలు దాటి, మనుషులు చుక్కలుగా మారేంత దూరం వెళ్లి తిరిగాడు. బట్ట విప్పాడు.

ఎడమకు మూడు. కుడికి రెండు.

అక్కడ నీలం చుక్క కదల్లేదు. మళ్లీ ఊపాడు. ఎడమకు మూడు, కుడికి రెండు. నీలం చుక్క సుధామయి గారి పక్కనుంచి ఒకడుగు ఇవతలికి వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఎగిరింది.

తర్వాత పరుగెత్తింది.

నయాగరా దగ్గర నాలుగుసార్లూ ఆ పిల్ల ఎగిరిందే గాని ఎప్పుడూ పరుగెత్తలేదు. అటు రెయిలింగ్ ఉంటుంది, లోయ ఉంటుంది. ఇవాళ అడ్డం ఏమీ లేదు. గడ్డి ఉంది, అంతే. జడలు అటూ ఇటూ కొట్టుకుంటూ వస్తోంది. ఇరవై అడుగుల దూరంలో ఉన్నట్టుండి ఆగిపోయింది. అతను పెద్దవాడైపోతున్నాడు.

అనంత్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. సరిపోలేదు. వంగాడు, తడిగడ్డిలో మోచేతులు ఆనించి, బట్ట మాత్రం వదలకుండా చిన్నగా ఊపాడు. ఎడమకు మూడు. కుడికి...

ఆ రెండో ఊపు పూర్తి కాలేదు. పిల్ల వచ్చి అతని మెడ మీద పడింది.

బరువు. ఫోను చెప్పనిది అదొక్కటే. ఏడాదిన్నరప్పుడు పది కేజీలు. ఇప్పుడెంతో చేతులకు లెక్క అందలేదు.

"యు ఆర్ సాఫ్ట్," అంది సాత్విక అతని గడ్డం తడిమి. తర్వాత లేచి, అతన్ని తోస్తూ, నడి పార్కులో ఆజ్ఞాపించింది. "నాన్నా, గో ఫార్!"

"ఎందుకే?"

"గో ఫార్! ఐ విల్ కమ్!"

మళ్లీ వెళ్లాడు. చెట్టు దాటి, బెంచీలు దాటి. తిరిగి ఊపాడు. మళ్లీ పరుగెత్తుకొచ్చింది. ఈసారి ఆగలేదు. మూడోసారి అతను నిలబడే ఉన్నాడు, అయినా వచ్చింది. నాలుగోసారి ఎగిరి దూకితే గాల్లోనే పట్టుకున్నాడు. అయిదోసారికి చెప్పులు తడిసి జారి, ఇద్దరూ పడ్డారు. ఫోటోలు తీసుకుంటున్న ఒక కుటుంబం జలపాతాన్ని వదిలేసి వీళ్లను చూస్తూ నిలబడింది. మధ్యలో ఒక సున్నుండ తింది. గులాబీ కోటు వేసి చూస్తే చేతులు రెండంగుళాలు పొట్టి. అంచనా తప్పింది. కానీ విప్పనంది.

సుధామయి గారు ఫోను పైకెత్తి, మధుమితకు వీడియోలో ఇదంతా చూపిస్తూ నిలబడ్డారు. "చూడవే అమ్మాయ్, నీ మొగుణ్ణి ఎలా తిప్పుతోందో. గంగిరెద్దుని తిప్పినట్టు." ఫోనులోంచి నవ్వో ఏడుపో తెలియని శబ్దం వచ్చింది.

రెండుంబావు అయింది.

గేటు దాకా ఎత్తుకునే నడిచాడు. అక్కడ ఆగాలి. ఇనుప తిరుగుడు గేటు, పక్కన నాణెం వేసే సందు. అనంత్ జేబులో చెయ్యి పెడితే ఒక డాలరు నాణెం వేలికి తగిలింది. వేస్తే తిరుగుతుంది. అవతల పావుగంట నడక, అక్కడ మధుమిత. ఇవతల షాపు, ఫైలు నంబరు, మూడున్నరేళ్లు. నాణెం బయటికి తీశాడు. బొటనవేలు దాని అంచు మీద తిరిగింది. సుధామయి గారు అతన్నే చూస్తున్నారు. ఈసారి వేళాకోళం చెయ్యలేదు.

నాణెం ఆవిడ చేతిలో పెట్టాడు. "మీకండీ. దారిఖర్చు."

సాత్విక దిగనంది. అతని మెడ చుట్టూ ఉన్న ఎర్ర బట్ట కొస పట్టుకుంది. "కెన్ ఐ టేక్ నాన్నాస్ రెడ్?"

అది తీసి పిల్ల మెడ చుట్టూ మూడు చుట్లు చుట్టాడు. అప్పటికీ రెండు గజాలు నేలకు వేలాడింది. సుధామయి గారు దాన్ని ఎత్తి పట్టుకున్నారు, పెళ్లికూతురి వెనక నడిచినట్టు. గేటు తిరిగింది.

"నాన్నా, గో ఫార్!" అని అరిచింది బ్రిడ్జి మీదనుంచి.

"వెళ్తున్నా," అన్నాడు.

రెయిలింగ్ దగ్గరికి దిగాడు. ఫోను అమెరికాకు స్వాగతం అంది. రెండున్నర దాటాక అవతలి గట్టున పసుపు గొడుగు పక్కన ఎరుపు విచ్చుకుంది. అనంత్ చేతుల్లో ఊపడానికి ఏమీ లేదు. ఖాళీ చేతులే పైకెత్తాడు. అక్కడ పెద్ద చెయ్యి ఒకటి సాయం పట్టినట్టుంది, ఎరుపు నెమ్మదిగా కదిలింది. ఎడమకు మూడు. కుడికి రెండు. పిల్ల తప్పు చెయ్యలేదు.

మూడింటికి గొడుగు మూసుకుంది. మళ్లీ తెరుచుకోలేదు.

సుధామయి గారు వచ్చేదాకా అతను అక్కడే నిలబడి లెక్క చూసుకున్నాడు. పోయినవి: అయిదు గజాల బట్ట, ఒక కోటు, ఒక సున్నుండ, నాలుగు గంటలూ మొత్తం. వీటిలో రెండున్నర గంటలు తన పొదుపుకూ భయానికీ పోయాయి, అవి ఎవరి మీదా రాయడానికి లేదు. పిఆర్ రాలేదు, ఉద్యోగం రాలేదు, గురువారం ఆగదు. వచ్చింది ఒక్కటే. పిల్ల పరుగెత్తుకొచ్చి తన మీద పడ్డది పదకొండుసార్లు. మొదటిసారి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది కదా, దాన్ని కలపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. కలపకపోతే పది.

ఆగినా చివరికి వచ్చింది కాబట్టి, కలిపాడు.